అతిశీతలమందు అవాహకములు

“వాహకమనగా నేమి? అవాహకమనగా నేమి?” అని యడిగినచో మా పాఠశాలలో ఏడవ తరగతి బాలుడు సైతము తడబడక చెప్పును. రాగి, వెండి, అల్యూమినియము వాహకములు. గాజు, ఎండుకర్ర, రబ్బరు, పింగాణి అవాహకములు. అంతటితో పాఠము ముగియును. పిదప వచ్చు పాఠములన్నియు వాహకముల కథలే. ఓము నియమము వాహకమునకు సంబంధించినది. నిరోధము, ప్రవాహము, ఉష్ణము, అయస్కాంతత్వము, అన్నియు తీగలోని సంగతులే. తీగపై నున్న పొరను గూర్చి మరల నెవ్వరును తలపెట్టరు. అది కాపలావానివలె నూరక నిలుచుండును. చెడినప్పుడు మాత్రమే దాని పేరు వినవచ్చును.

మా యభిప్రాయమును మొదటనే చెప్పుచున్నాము. రాబోవు కాలపు విద్యుద్యంత్రములలో, విశేషించి అతివాహకములతో నిర్మింపబడు యంత్రములలో, వాహకము దొరకుటకంటె దానికి తగిన అవాహకము దొరకుటయే కష్టముగా నున్నది. ఆ కష్టమును తీర్చు విద్య మన జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతముల పిల్లలకు దూరపు విద్య కాదు. దానికి కావలసిన చేతిపని మన పట్టణములలో నున్నది; కావలసిన చలియు మన పశువైద్యశాలలలో నున్నది. లేనిది వీనిని కలుపు బోధన మాత్రమే.

మేము ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చదివిన దినములలో, తెలిసినదానినుండి తెలియనిదానికి పొమ్మని మాకు నేర్పిరి. కావున మన యెదుట నున్నదానితోనే యారంభింతము. జనగామ స్టేషనులోగాని, మహబూబాబాదు స్టేషనులోగాని ప్లాటుఫారముపై నిలిచి తలయెత్తి చూడుడు. రైలుబండిని నడుపు పైతీగలో 25,000 వోల్టుల యొత్తిడి కలదు. ఆ తీగను మోయు స్తంభము ఇనుపది. ఈ రెంటి నడుమ నున్నవి గొడుగులు పేర్చినట్లున్న అవాహకములు కొన్ని మాత్రమే. ఆ గొడుగుల యంచులు అలంకారమునకు కావు. వానపడినను క్రింది భాగము పొడిగా నుండుటకు, విద్యుత్తు పైపైన ప్రాకవలసిన దారి దీర్ఘమగుటకు అట్లు చేసిరి. ఇక భూపాలపల్లి సమీపమున చెల్పూరునందు కాకతీయ తాప విద్యుత్కేంద్రము కలదు. దాని మొదటి యంత్రము 500 మెగావాట్లది, 2010లోను, రెండవది 600 మెగావాట్లది, 2016లోను పనికి వచ్చినవి. అట్టి మహాయంత్రముల రాగికడ్డీలకు అభ్రకపు పట్టీలు చుట్టి, ఎపాక్సీ జిగురుతో గట్టిపరతురు. పొలముగట్టున నున్న ట్రాన్సుఫార్మరులో కాగితము, నూనె. ఇంటి మోటారులో వార్నిషు. ఇన్ని విధముల అవాహకములు మన చుట్టును పనిచేయుచున్నవి.

ఇవన్నియు వేడికి చెడునవి. ట్రాన్సుఫార్మరులోని కాగితము ఏండ్ల తరబడి వేగి వేగి పెళుసెక్కును. మోటారు వార్నిషు మాడిపోవును. మాడిన మోటారు వాసన యెరుగని రైతు మన ప్రాంతమున లేడు. కాని చలికి చెడు అవాహకము నెవ్వరైన చూచిరా? మన యెండలలో నట్టి ప్రశ్నయే వింతగా తోచును. అతివాహక యంత్రములలో నిదియే మొదటి ప్రశ్న.

అతివాహకత్వమును 1911లో హాలెండు దేశపు లైడెను నగరమున కామెర్లింగ్ ఓన్స్ కనుగొనెను. పాదరసమును సున్నకు దిగువ 269 డిగ్రీల దాక చల్లార్చగా దాని నిరోధము ఒక్కసారిగా మాయమయ్యెను. అంతటి చలికి సాధనము ద్రవ హీలియము. దానిని మూడేండ్లు ముందుగా, 1908లో, ఆయనయే సిద్ధపరచెను. ఈ హీలియముతో తెలుగుదేశమునకు పాతబంధుత్వము కలదు. 1868 ఆగస్టు 18వ తేదీ సూర్యగ్రహణమును చూచుటకు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరునకు వచ్చెను. ఆ గ్రహణకాలపు పరిశీలనలలో సూర్యుని యంచున నుండు జ్వాలల కాంతియందు కనబడిన పసుపుపచ్చని గీతయే, తరువాత లాకియరు విచారణవలన, భూమిపై నప్పటికి తెలియని మూలపదార్థముయొక్క గుర్తుగా తేలెను. భూమిపై దానిని రాంసే 1895లో పట్టుకొనెను. మా విద్యార్థులు గుంటూరును మిరపకాయలకే తలచుకొనుట చూచి యీ మాట వ్రాయుచున్నాము.

1986లో బెడ్నార్జ్, ముల్లర్ అనువారు క్రొత్తజాతి అతివాహకములను కనుగొనిరి. మరుసటి యేడే ద్రవ నత్రజని చలియందు, అనగా సున్నకు దిగువ 196 డిగ్రీలవద్ద, పనిచేయు పదార్థము దొరకెను. ద్రవ నత్రజని యనగా మన గ్రామములకు క్రొత్త కాదు. పశువులకు కృత్రిమ గర్భధారణ చేయువారు మోసికొనివచ్చు జాడీని పిల్లలందరును చూచియే యుందురు. మూత తీయగనే తెల్లని పొగ వెడలును. ఆ జాడీలోనిది ద్రవ నత్రజనియే. కోర్టులు, కాలేజీలు లేని పల్లెకు సైతము ఆ చలి యేండ్లనుండి వచ్చిపోవుచున్నది.

ఇక చలి అవాహకమును ఏమి చేయునో చూతము. సామాన్యముగా వస్తువులు చల్లారినకొలది ముడుచుకొనును. సామాన్యమైన గది వేడినుండి ద్రవ హీలియము చలికి తెచ్చినప్పుడు ఒక మీటరు రాగికడ్డీ సుమారు 3 మిల్లీమీటర్లు కురుచ యగును. అదే పొడవుగల ఎపాక్సీ కడ్డీ, ఏ కలుపును లేనిది, సుమారు 11 మిల్లీమీటర్లు ముడుచుకొనును. టెఫ్లాను 20 మిల్లీమీటర్లకు మించును. తీగయేమో రాగితో కూడినది. దానిని పట్టియున్న జిగురేమో ఎపాక్సీ. ఒకటి మూడడుగులు వెనుకకు వేసిన, రెండవది పదునొకండడుగులు వేయ జూచును. ఇద్దరిని త్రాటితో కట్టివైచినచో నేమగును? త్రాడు తెగును. ఇచ్చట త్రాడు తెగుట యనగా జిగురు పగులుట. చలిలో జిగురు గాజువలె పెళుసై యుండును గనుక సాగి యోర్చుకొను గుణము దానికి మిగులదు.

ఆ పగులు వెండ్రుకవాసి యైనను ప్రమాదమే. ఏలయన, పగిలినప్పుడు ఇంచుక శక్తి వెడలి వేడిగా మారును. మనయింట నట్టి వేడి లెక్కకు రాదు. కాని హీలియము చలియందు రాగికి వేడిని దాచుకొను శక్తి, గదిలో నున్నదానిలో సుమారు నాలుగువేలవ వంతు మాత్రమే. కావున చిటికెడు వేడికే తీగ ఉష్ణోగ్రత యెగబ్రాకును. నయోబియము టైటానియము తీగ సున్నకు దిగువ 264 డిగ్రీలు దాటకముందే అతివాహకత్వమును కోలుపోవును. తీగలో వేలకొలది ఆంపియర్లు ప్రవహించుచుండగా ఒక్క అంగుళము మేర నిరోధము తిరిగి పుట్టినచో, అచ్చట మంట పుట్టినట్లే. ఆ వేడి ప్రక్క తీగకు ప్రాకును; క్షణములో అయస్కాంతమంతయు మామూలు లోహమగును; హీలియము బుసకొట్టుచు ఆవిరియగును. దీనిని ఇంగ్లీషువారు క్వెంచి యందురు. మేము దానిని “అతివాహక భంగము” అని బోధించుచున్నాము.

ఉపాధ్యాయులకు ముచ్చట గొలుపు సంగతి యొకటి యిచ్చట కలదు. క్రొత్తగా చేసిన అయస్కాంతము మొదటిసారి తన నిర్ణీత ప్రవాహమును చేరకమునుపే భంగపడును. రెండవసారి మరికొంత పైకి పోవును. ఇట్లు పడుచు లేచుచు క్రమముగా నిర్ణీతమును చేరును. దీనికి వారు పెట్టిన పేరు “శిక్షణ”! జిగురులోని బలహీనపు తావులు ఒక్కొక్కటే పగిలి సర్దుకొనుట దీనికి ముఖ్యకారణములలో నొకటి. ఈ శిక్షణకు కాలము, హీలియము రెండును వ్యయమగును. ఇటీవల స్విట్జర్లాండునందు ఎపాక్సీకి బదులు మైనముతో నింపిన తీగల నమూనాలను పరీక్షింపగా, అవి యీ శిక్షణ లేకయే పనిచేసినవి. మైనము! కొవ్వొత్తి వెలిగించు ప్రతివాడును చేత పట్టుకొను వస్తువు. విద్య యెచ్చట దాగియుండునో యెవరు చెప్పగలరు?

అవాహకమునుండి మనము కోరు గుణములు ఒకదానికొకటి శత్రువులు. అది విద్యుత్తును ఆపవలెను. కాని వేడిని పోనీయవలెను. మామూలు ఎపాక్సీ రెంటిని ఆపును. తీగలో పుట్టిన వేడి ఆ పొరను దాటలేక లోపలనే నిలుచును. అందువలన జిగురులో అల్యూమినా, సిలికా, బోరాను నైట్రైడు వంటి పొడులను కలిపి చూచుచున్నారు. వీనివలన వేడి కొంత సులువుగా ప్రవహించును. ముడుచుకొనుటయు తగ్గి రాగికి దగ్గరపడును. కాని పొడి యెక్కువైనచో జిగురు చిక్కబడి, చుట్టల నడుమ సందులలోనికి పోక, గాలిబుడగలు మిగులును. ఆ బుడగలలో చేరు హీలియము వాయువు విద్యుత్తును ఆపుటలో మన గాలికంటె మిక్కిలి దుర్బలము. భంగసమయమున వేలకొలది వోల్టులు లేచినప్పుడు ఆ బుడగయే శత్రువునకు వాకిలి యగును. ఒక గుణము బాగుపరుపబోయిన మరియొకటి చెడును. గాజునూలు బట్టను ఎపాక్సీలో ముంచి చేసిన పలక, బట్ట పరచిన దిక్కున, రాగికి రమారమి సమానముగానే ముడుచుకొనును. మందపు దిక్కున మాత్రము దాని రెట్టింపును మించును. ఫ్రాన్సు దేశమున నిర్మింపబడుచున్న ఈటరు యంత్రపు ప్రధాన చుట్టలకు రేడియేషను బాధ కూడ నుండును గనుక, సయనేటు ఎస్టరును ఎపాక్సీతో కలిపి వాడిరి.

మరియొక చిక్కు. ఎక్కువ బలముగల అయస్కాంతములకు నయోబియము, తగరము కలిసిన తీగ కావలెను. ఆ మిశ్రమము పెళుసు. అందుచేత ముందుగా చుట్టలు చుట్టి, పిదప సుమారు 650 డిగ్రీల వేడిలో దినముల తరబడి కాల్చి, తీగలోనే ఆ మిశ్రమమును పుట్టింతురు. తీగపై నున్న అవాహకము మొదట ఆ కొలిమిని ఓర్చి, పిదప ఆ చలిని ఓర్చవలెను. కాగితము, ప్లాస్టికు, వార్నిషు ఇచ్చట బూడిదయగును. మరేది నిలుచును? గాజునూలు, అభ్రకము! జెనీవాలోని సెర్న్ సంస్థవారు 11 టెస్లాల అయస్కాంతములకై చేసిన తీగలకు అభ్రకపు పట్టీయు, దానిపై గాజునూలు అల్లికయు వాడిరి. మన నెల్లూరు సీమలో గూడూరు ప్రాంతపు అభ్రకము ఒకప్పుడు ఓడలకెక్కి విదేశములకు పోయి, అచ్చటి విద్యుద్యంత్రములలో చేరెడిది. పాత వస్తువని మనము తలచినది క్రొత్త యంత్రమునకు మరల కావలసివచ్చినది.

సెర్న్‌వారి మహాయంత్రమునందు ఒక్కొక్కటి సుమారు 15 మీటర్ల పొడవుగల 1232 ప్రధాన అయస్కాంతములు కలవు. వానిలో పారు ప్రవాహము రమారమి 11,850 ఆంపియర్లవరకు నిర్ణయింపబడినది. తీగలకు చుట్టినది పాలీయిమైడు పట్టీ. వెంట్రుకకంటె పెద్దమందము కాదు. 2008 సెప్టెంబరు 19న అచ్చట జరిగిన ప్రమాదమునకు కారణము తీగల యతుకు, అవాహకము కాదు. అయినను ఆ యతుకువద్ద లేచిన మెరుపు హీలియపు గొట్టమును చిల్లుచేయగా సుమారు 6 టన్నుల హీలియము వెడలిపోయెను. యంత్రము మరల నడచుటకు ఏడాదికి పైగా పట్టెను. 2015 మార్చిలో వచ్చినది మాత్రము మన విషయమే. ఒక లోహపు రజను, అయస్కాంతపు ప్రక్కనుండు డయోడు పెట్టెకు పోవు దారిలో పడి, తీగను భూమితో కలిపెను. రజనుకై యంత్రమును వేడిచేసి విప్పినచో నెలలు పట్టును. చివరకు కొంత ప్రవాహమును దానిగుండ పంపి రజనును మాడ్చివైచిరి. పిమ్మట 2019, 2020 సంవత్సరములలో 1232 డయోడు పెట్టెలకును అవాహకపు తొడుగులను బాగుపరచిరి. అంతటి సంస్థ, అంతటి ధనము; పని మాత్రము మన వైండింగు దుకాణములో “బాడీ తగులుచున్నది” అని చెప్పు రోగమునకు చికిత్స!

ఇందు మన హైదరాబాదుకును పాలు కలదు. అతివాహక భంగము మొదలైన క్షణమున చుట్టనంతటిని ఒక్కుమ్మడి వేడిచేసి రక్షించు విద్యుత్పేటికలను వేలసంఖ్యలో భారతదేశమే సమకూర్చెను. ఆ తయారీలో హైదరాబాదునందలి ఎలక్ట్రానిక్స్ కార్పొరేషను పాల్గొనెను.

వైండింగు దుకాణమని వ్రాసితిమి. అచ్చటికే పోదము. మా పూర్వవిద్యార్థి యొకడు అట్టి దుకాణమున పనిచేయుచున్నాడు. మాడిన తీగను దులిపి, గాడులలో లెదరాయిడ్ కాగితము మడిచి దూర్చి, చుట్టలను పేర్చి, స్లీవులు తొడిగి, వెదురుచీలికతో బిగించి, నూలుపట్టీతో కట్టి, వార్నిషు పోసి ఆరబెట్టును. ఎచ్చట కాగితము అరవీసమంత కురుచ యైనదో చేతితో తడిమి చెప్పగలడు. బోరుబావిలో దిగు సబ్మర్సిబుల్ మోటారునకు వేరు తీగ. నీటిలోనే మునిగియుండును గనుక దానిపై పాలిస్టరు, పాలీప్రొపిలీను పొరలు చుట్టియుండును. విద్యార్థులారా, ఈ పాలీప్రొపిలీను పేరును జ్ఞాపకముంచుకొనుడు. 2014లో జర్మనీలోని ఎస్సెను నగరమున సుమారు 1 కిలోమీటరు పొడవున అతివాహక కేబులును నేలలో పరచిరి. 2021లో షాంఘై నగరమున 1.2 కిలోమీటర్ల కేబులును వేసిరి. ఈ జాతి కేబులులలో తీగపై చుట్టుటకు పేరుపడినది, రెండు కాగితముల నడుమ పాలీప్రొపిలీనును అతికించిన పట్టీయే. అది ద్రవ నత్రజనిలో నాని, ట్రాన్సుఫార్మరు కాగితము నూనెలో నానినట్లే, పనిచేయును. జనగామ బోరుబావిలో నీటిని కాచు పదార్థమే అచ్చట అతిశీతలమును కాచుచున్నది.

ఈ చేతిపనిని మన సమాజము “చదువు రానివాని పని” యని చూచుట మాకు సమ్మతము కాదు. అతివాహక చుట్టను చుట్టువాడు చేయు పనియు నిదియే: బిగువు తప్పక చుట్టుట, పొర తెగకుండ కాచుట, జిగురును సందుసందునకు పోనిచ్చుట, ఆరబెట్టుట. భేదము కొలతలలోను శుభ్రతలోను కలదు, జాతిలో లేదు.

కొందరు మిత్రులు మాతో వాదింతురు. “పొలములో ట్రాన్సుఫార్మరు కాలిపోవుచుండగా అతివాహకముల మాట యేల?” అందురు. వారి మాటలో న్యాయము లేకపోలేదు. కాని అతివాహకము మన రోగులను ఇదివరకే తాకియున్నది. ఎం.ఆర్.ఐ. పరీక్షచేయు యంత్రము అతివాహక అయస్కాంతమే. వెన్నుపూస నొప్పితోనో, తలలో గడ్డతోనో బాధపడు తల్లిదండ్రులను తీసికొని వరంగల్లునకు, హైదరాబాదునకు పోవలసివచ్చి, పాఠశాలకు రాని పిల్లల సెలవుచీటీలు మా బల్లపైనికి వచ్చుచుండును. మహబూబాబాదునందు 2022లోను, జనగామ, భూపాలపల్లులందు 2023లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు వెలసినవి. ఇట్టి యంత్రము చిన్నపట్టణమున నిలుచుటకు ధరయొక్కటియే యడ్డు కాదు. పాతపద్ధతి యంత్రమునకు వేయి లీటర్లకు పైబడి ద్రవ హీలియము కావలెను. మన దేశము హీలియమునకై చాలవరకు విదేశములపై నాధారపడియున్నది. 2018 నాటినుండి 7 లీటర్లతోనే, మూసివేసిన పాత్రలో, నడచు యంత్రములు అమ్మకమునకు వచ్చినవి. హీలియపు స్నానము లేనిచోట చుట్టలోని వేడి ఘనపదార్థములగుండనే బయటికి పోవలెను. కావున విద్యుత్తును ఆపుచు వేడిని పంపు అవాహకము ఎంత బాగుపడిన, అట్టి యంత్రములు అంత నమ్మకముగా చిన్న ఊరికి రాగలవు. రోగికి ముప్పాతిక రోజు ప్రయాణము తప్పుట యీ పొర మంచితనముపై కొంత ఆధారపడియున్నదని చెప్పిన అతిశయోక్తి కాదు.

మరికొందరు, “గది వేడిలోనే పనిచేయు అతివాహకము రానున్నదట, అప్పుడీ చలివిద్య యెందులకు?” అందురు. 2023 జూలైలో కొరియా దేశమునుండి అట్టి వార్త యొకటి వచ్చి లోకమంతయు మ్రోగెను. కొలది వారములలో ఇతర ప్రయోగశాలలవారు పరీక్షించి అది అతివాహకము కాదని తేల్చిరి. వచ్చునప్పుడు రానిండు, అప్పటికిని తీగపై పొర యుండవలసినదే గదా.

చేయవలసిన దేమి? ముందుగా చెప్పిన సంకోచములో అధికభాగము ద్రవ నత్రజని చలికి వచ్చునప్పటికే జరిగిపోవును. రాగి విషయమున పదింట తొమ్మిది పాళ్లు. అనగా ఖరీదైన హీలియము లేకయే, అవాహకము పగులునో నిలుచునో మొదటి పరీక్షను నత్రజని జాడీతోనే చేయవచ్చును. వరంగల్లులో 1959 నుండి నడచుచున్న ఇంజనీరింగు విద్యాలయము, నేటి ఎన్.ఐ.టి., మన గుమ్మములో నున్నది. హైదరాబాదునందు జిగురులు, ప్లాస్టికులు చేయనేర్చిన భారత రసాయన సాంకేతిక సంస్థ కలదు. భారీ విద్యుద్యంత్రముల పరిశోధనకు భెల్ వారి శాఖ కలదు. వీరు కలిసి మన జిల్లాల పాలిటెక్నికు, ఐ.టి.ఐ. విద్యార్థులకు ఒక చిన్న పరీక్షశాలను తెరచినచో చాలును: నమూనాను ముంచుట, తీయుట, మరల ముంచుట, నూరు మారులైన పిదప వోల్టుల నెక్కించి ఎచ్చట తెగునో వ్రాసికొనుట. ఇది ఓపికగల పని. మేధావులే కావలెనని లేదు. మైనము, అభ్రకము, గాజునూలు, లెదరాయిడ్, మన దుకాణములలో దొరకు వార్నిషులు, అన్నిటిని వరుసగా పరీక్షింపవచ్చును. వైండింగు పనివారిని అందు బోధకులుగా పిలువవలెనని మా ప్రత్యేకమైన కోరిక.

పాఠశాలలో మేము చేయదలచినది ఇంతకంటె చిన్నది. రానున్న విజ్ఞాన ప్రదర్శన దినమున పశువైద్యాధికారి యనుమతితో ఒక జాడీ నత్రజని తెప్పించి, ఉపాధ్యాయుల చేతిమీదుగా, కిటికీలన్నియు తెరచిన గదిలో, రబ్బరు గొట్టము, ఎపాక్సీ బిళ్ల, గాజునూలు పలక, మైనపు ముద్ద, మోటారు తీగ, వీనిని ముంచి చూపుదుము. పిల్లలు దగ్గరకు రాకుండ గీత గీయబడును. నత్రజని గాలిలోని ప్రాణవాయువును త్రోసివేయును, చర్మమును కాల్చును గనుక నీ జాగ్రత్త. ఏది పగిలినది, ఏది నిలిచినది, ఎన్నవ మునకకు పగిలినది, పదవ తరగతి బాలబాలికలు పట్టికగా వ్రాసి ఉంచుదురు. ఆ పట్టికను వచ్చు సంవత్సరపు సంచికలో ప్రకటింతుము.